సమ్మెటను ఎవరూ అడగలేదు

మా ఇంటికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా మా బావ పవర్ హ్యామర్ కథ ఎత్తుకుంటాడు. బావ అంటే మా ఆయనకు అన్న. కాళ్లు బార్లా చాపుకుని కూచుని, "నేను, మా తమ్ముడు రెండు మిషన్లు జూసినం. ఒకటి పిసికేది, ఒకటి కొట్టేది. మస్తు సోంచాయించి, ఆఖరుకు గీ కొట్టేదే మన పనికి కరెక్టని తెచ్చినం" అని చెబుతాడు. వచ్చినవాళ్లు తలలూపుతారు. నేను లోపల చాటలో బియ్యం చెరుగుతూ వింటుంటాను. "తెచ్చినం" అనే మాట రాగానే నా చాట ఆగిపోతుంది. ఇన్నేళ్లయినా ఆ కోపం పాతబడలేదు. అన్నం పాచిపోతుంది, కూర పాచిపోతుంది, ఇది మాత్రం ఇప్పుడే పొయ్యి మీంచి దించినట్టు వేడిగా ఉంది.

నేను మూడో తరగతి దాకానే చదివాను. కానీ జరిగింది మరిచిపోయే అలవాటు లేదు. ఏ రోజు ఏ కూర వండానో కూడా చెప్పగలను. అందుకని బావ చెప్పని ముక్కలు నేను రాస్తున్నాను.

మాది వరంగల్‌లో కమ్మరి ఇల్లు. ఇంటి ముందు రేకుల కొట్టం, అందులో కొలిమి, కాలిన ఇనుమును పెట్టి కొట్టే దాగలి. లారీల కింద అరిగిపోయి తీసేసిన కమాన్ పట్టీలు తెచ్చి, కాల్చి, దాగలి మీద సాగగొట్టి కొడవళ్లు, కత్తులు, గొడ్డళ్లు చేసేవాళ్లం. ధర్మసాగర్ వైపు రైతులు కొడవళ్లకు, ఏటూరునాగారం వైపువాళ్లు గొడ్డళ్లకు వచ్చేవారు. హనుమకొండ బజారు దుకాణాలవాళ్లు ఇంటి కత్తులు తీసుకుపోయేవారు. మేడారం జాతర ఏడాది వచ్చిందంటే మేకలు కోసే కత్తుల పనితో మాకు తిండికి కూడా తీరిక ఉండేది కాదు.

బయటివాళ్లకు తెలియదు గానీ మా ఇంట్లో సమ్మెట ఆడదానిది. మగవాడు కూచుని ఎడమచేత పట్టుకారుతో కాలిన ఇనుమును దాగలి మీద పట్టుకుంటాడు. కుడిచేత చిన్న సుత్తి ఉంటుంది. ఎదురుగా నిలబడి పెద్ద సమ్మెటను తల మీదికి ఎత్తి కొట్టేది పెళ్లాం. మా అత్త ముప్పై ఏళ్లు కొట్టింది. పెళ్లై వచ్చిన మూడో నెలలో ఆ సమ్మెట నా చేతికిచ్చింది.

ఇచ్చిన రోజే చెప్పింది: "బలం జూపకు బిడ్డా. ఆయిన చిన్న సుత్తె యాడ తడితే ఆడనే నీ సమ్మెట పడాలె. గట్టిగ తడితే గట్టిగ, మెల్లగ తడితే మెల్లగ. సుత్తె దాగలి మీద టంగుమన్నదంటే ఆపెయ్యి. నోటితోని అడిగే పని లేదు." నిజంగానే మేమిద్దరం కొలిమి దగ్గర నోరు విప్పేవాళ్లం కాదు. ఆయన సుత్తి తట్టేది, నా సమ్మెట పడేది. ఇనుము పసుపు రంగులో ఉన్నప్పుడు ఒక రకం చప్పుడు, ఎర్రబడితే ఇంకో రకం. నల్లబడుతుంటే ఆ చప్పుడు నా అరచేతికి ముందు తెలిసేది. నల్లబడ్డ ఇనుమును కొట్టకూడదు. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల వెంట్రుకంత పగులు పడుతుంది. చివర్లో కాల్చి నీళ్లలో ముంచినప్పుడు టిక్కుమని బయటపడుతుంది. అప్పటిదాకా చేసిన చాకిరీ అంతా ఆ టిక్కుతో పోతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. నేను బావతో మాట్లాడేదాన్ని కాదు. మగని అన్నతో ఎదురుపడి మాట్లాడకూడదని మా ఇళ్లలో పద్ధతి. ఒకే కొట్టంలో పని చేసేవాళ్లం. ఆయన తిత్తి ఊదేవాడు, పిడులు బిగించేవాడు, బేరాలు చూసేవాడు. పెళ్లాం చిన్నతనంలోనే పోతే మళ్లీ చేసుకోలేదు, మా దగ్గరే తినేవాడు. అయినా పదమూడేళ్లలో నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. బొగ్గులు కావాలంటే మా ఆయనకు చెప్పేదాన్ని. మా ఆయన లేకపోతే గోడకు చెప్పేదాన్ని: "బొగ్గులు అయిపోయినయ్, ఎవలన్న తెస్తే మంచిగుండు." బావ కూడా గోడకే జవాబు చెప్పేవాడు: "రేపు వస్తయని చెప్పు."

పంతొమ్మిది వందల డెబ్బైలు దాటి ఎనభైల్లోకి వచ్చాక నా కుడిభుజం పట్టేయడం మొదలైంది. మొదట పొద్దున్నే ఒక గంట. తర్వాత రోజంతా. మా అత్తకు అప్పటికే చెయ్యి చెవి దాకా కూడా లేవదు. రోజూ ఆమె తల దువ్వి కొప్పు పెట్టేది నేనే. ఒకరోజు అలా దువ్వుతుంటే దువ్వెన నా చేతిలోంచి జారిపడింది. అత్త వెనక్కి తిరిగి నా ముఖం చూసింది.

"వచ్చిందా?" అంది.

"ఏందత్తా?"

"నాకు ఎరుక. నాకు గూడ దువ్వెనతోనే వచ్చింది" అని, కొడుకును కేకేసి, "రేపు దీన్ని దవాఖానకు తోల్కపో. నన్ను తోల్కపోనట్టు జేయకు" అంది.

దవాఖానలో డాక్టరు నా చెయ్యి పైకీ కిందికీ ఆడించి చూశాడు. "ఇంత బరువులు ఎత్తుడు ఆపమ్మా. ఇప్పుడాపితే నిలబడుతది. ఇంకో ఏడాది గిట్లనే కొడితే ఇగ లేవదు" అన్నాడు. మా ఆయన పక్కనే ఉన్నాడు. చెవులారా విన్నాడు. బస్సులో వస్తూ, "ఫికర్ జేయకు, మిషను తెద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆరోజు నాకు ఎంత సంతోషం వేసిందో! ఇంటికొచ్చి పాయసం చేశాను. ఆ పాయసం తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మిషను నా భుజం కోసం. ఇది గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే వారం తిరగకుండానే అన్నదమ్ములిద్దరూ ఆ సంగతి మరిచిపోయారు.

ఎవరో బేరగాడు బావకు చెప్పాడట, హైదరాబాదులో వాడిన హైడ్రాలిక్ ప్రెస్ ఒకటి ఉందని. రెండు ఉక్కు దవడలుంటాయి, మోటారు నూనెను తోస్తుంది, దవడ దిగి ఇనుమును పిసుకుతుంది, చప్పుడు ఉండదు. మా ఆయనకేమో పవర్ హ్యామర్ మీద మనసు. కాలితో తొక్కితే మోటారు బలంతో సమ్మెట తనంతట తానే పడుతూ లేస్తూ ఉంటుంది. ఇక ఇద్దరికీ అదే పంచాయితీ. అన్నం దగ్గర అదే, కొలిమి దగ్గర అదే.

"హ్యామర్ తెస్తే గల్లీ గల్లీ ఒర్రుతది. పక్కింటి గోడ కూలితే నువ్వు కట్టిస్తవా?" అని బావ.

"అన్నా, మనది కొట్టే పని. పిసికే పని కాదు. మనమేమన్న చపాతీలు జేస్తానమా?" అని మా ఆయన.

"పెద్ద పెద్ద కంపెనీలల్ల ప్రెస్సే వాడుతాండ్రు."

"కంపెనీలోళ్లు కొడవళ్లు జేస్తాండ్రా?"

"నీకేం ఎరుక? నువ్వు కంపెనీ లోపటికి పోయినవా?"

"నువ్వు పోయినవా?"

అత్త నులక మంచం మీంచి, "ఇద్దరు పోలేదు. ఇగ తినుండ్రి" అనేది.

నాకు నవ్వు వచ్చేది, మంట కూడా వచ్చేది. ఆ కొట్టంలో కొట్టే మనిషిని నేను. దెబ్బ పడ్డాక ఇనుము ఎటు పారుతుందో, ఎంత సేపటికి చల్లబడుతుందో నా చేతికి తెలుసు. గొడ్డలి ముద్ద లావుగా ఉంటుంది. దానికి వేడి నిలుస్తుంది, పిసికినా పరవాలేదు. కత్తి అలా కాదు. అంచు దగ్గర కాగితంలా పలచన చేయాలి. అంత పలచటి ఇనుమును రెండు చల్లటి దవడల మధ్య పెట్టి నొక్కి పట్టుకుంటే వేడి ఏమవుతుంది? వేడి పెనం మీద తడిబట్ట వేసినట్టే. సమ్మెట అయితే తాకి వదిలేస్తుంది. ఇది తెలుసుకోవడానికి హైదరాబాదు పోనక్కర్లేదు. కానీ నన్ను అడిగినవాడు లేడు.

అయినా ఊరుకోలేదు. వాళ్లు హైదరాబాదు బయలుదేరే పొద్దున, సగం సాగగొట్టిన కత్తి ఒకటి పాత పంచె ముక్కలో చుట్టి, మూడు ముళ్లు వేసి మా ఆయన సంచిలో పెట్టాను.

"ఏందిది?" అన్నాడు.

"కత్తి. రెండు మిషన్లల్ల దీన్ని పెట్టి సూడుండ్రి. లావు ముద్ద పెట్టి సూడకుండ్రి. మనం జేసేది గిది."

"సరే తియ్."

"సరే తియ్ కాదు. బావకు జెప్పు."

"జెప్త లేవే. మిషను జూడపోతానం, కత్తిపీట కొనపోతలేం" అని నవ్వాడు.

మర్నాడు సాయంత్రం వచ్చారు. బావ ముఖం వెలిగిపోతోంది. ఆ ప్రెస్సువాడు లారీ ఇరుసు ముక్క, చేతి మందం ఉన్నది, కాల్చి పెట్టి మీట లాగాడట. రొట్టెలా అయిపోయిందట. "చప్పుడే లేదు! పిల్లలు పండుకున్నా లేవరు!" అని బావ అత్తకు చేతులు తిప్పుతూ చూపిస్తున్నాడు. మా ఆయన చెప్పుల వైపు చూస్తున్నాడు. నేను సంచి తీశాను. నా మూడు ముళ్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

ఆ ముళ్లు చూసినప్పుడు నాకు వచ్చిన కోపం ఎలాంటిదో చెప్పడానికి నా దగ్గర మాట లేదు. లోపలికి పోయి మా ఆయనను అడిగాను: "ఎందుకు ఇప్పలేదు?"

"అన్న మాట ఇచ్చిండు. ఇగ నడిమిట్ల కత్తి తీసి జూపెడితే ఆయిన ఇజ్జత్ ఏంగావాలె?"

"హ్యామర్ జూసిన్రా?"

"టైము సాలలేదు."

అన్న పరువు నిలిచింది. నా భుజం సంగతి ఏమిటని అడిగాను. ఆయన చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. మా ఆయన చెడ్డవాడు కాదు. నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు, గట్టి మాట అనలేదు. కానీ తెలిసీ నోరు మూసుకునే మనిషి చేసే నష్టం తెలియనివాడు చేసేదానికంటే తక్కువేం కాదు. బావకు తెలియదు. ఈయనకు తెలుసు.

ప్రెస్సు లారీ మీద వచ్చింది. గల్లీ అంతా మూగింది. బిగించడానికి వచ్చిన మనిషి అందరూ వినేలా, "నలుగురు ఆడోళ్లు సమ్మెట కొట్టినా దీని బలం రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నా వైపు చూసి నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. ఇరుసు ముక్క కాల్చి పెడితే నిజంగానే రొట్టె అయింది. జనం చప్పట్లు కొట్టారు. బావ మిషనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

మూడో రోజు కత్తి పెట్టారు. మొదటి నొక్కు బాగానే ఉంది. రెండో నొక్కు దగ్గర ఇనుము నల్లబడి మొండికేసింది. మళ్లీ కాల్చారు, మళ్లీ నల్లబడింది. ఒక కత్తికి కొలిమిలో పది మాట్లు పెట్టాల్సి వచ్చింది. కాలిన ఇనుము మీద లేచే నల్లటి పొర సమ్మెట దెబ్బకైతే రాలిపోతుంది. ప్రెస్సు దాన్ని లోపలికే అదిమేసింది. తీసి చూస్తే కత్తి ఒళ్లంతా అమ్మవారు పోసిన ముఖంలా గుంటలు. మధ్యలో కరెంటు పోతే దవడలు కత్తిని పట్టుకుని అలాగే ఉండిపోయేవి. బావ దాని ముందు కూచుని కరెంటు కోసం ఎదురుచూసేవాడు.

అప్పుడు ఏం చేశారో తెలుసా? లావు పని ప్రెస్సుకు, పలచన పని నాకు అన్నారు. ప్రెస్సు లావు ముక్కలను చిటికెలో పలకలు చేసి పడేసేది. పలకలు తొందరగా తయారవుతున్నాయి కదా అని బావ ఇంకా ఎక్కువ కత్తులకు బేరాలు ఒప్పుకున్నాడు. ఆ పలకలన్నీ దాగలి మీదికే వచ్చేవి. వాటిని అంచుదాకా సాగగొట్టేది నేనే. మిషను రాకముందు రోజుకు ఆరు కత్తులకు కొట్టేదాన్ని. మిషను వచ్చాక పదికి కొట్టాను. నా భుజం కోసం తెచ్చిన మిషను నా భుజం మీదే వచ్చి కూచుంది. ఇలా ఏడాది గడిచింది. డాక్టరు చెప్పిన ఏడాది.

ఆ చలికాలం జాతర వచ్చింది. కత్తులకు దుకాణాలవాళ్లు కొట్టం ముందే నిలబడేవారు. నా చెయ్యి అప్పటికి పైదాకా లేవడం లేదు. ఎడమచేత్తో సమ్మెట కట్టెను తోసి, నడుము ఊపి కొడుతున్నాను. దెబ్బ పడాల్సిన చోట పడుతోంది గానీ నెమ్మదిగా పడుతోంది. ఇది చూసి బావ, కొన్ని కత్తులను అంచుదాకా ప్రెస్సులోనే నొక్కేశాడు. నల్లబడ్డా వదలకుండా నొక్కాడు. పైకి నున్నగా వచ్చాయి. తొందరగా అయ్యాయని సంబరపడ్డాడు.

మధ్యాహ్నం వాటిని కాల్చి నీళ్ల తొట్టిలో ముంచుతున్నారు. టిక్. ఒకటి పోయింది. టిక్. ఇంకొకటి. నేను సమ్మెట మీద ఆనుకుని నిలబడి లెక్కపెట్టకుండానే వింటున్నాను. తొట్టి నీళ్లలో పల్లీలు వేగుతున్నట్టు వరసగా టిక్కు టిక్కు. మా ఆయన ఒక కత్తిని తీసి వేలితో మీటాడు. పగిలిన కుండలా పలికింది.

బావ తల పట్టుకున్నాడు. పట్టుకుని, నేను వినేలా మా ఆయనతో అన్నాడు: "నీ పెండ్లాం చెయ్యి జర జల్దీ ఆడితే నేను వీటిని ప్రెస్సుల ఎందుకు పెడుదునురా? ఆమె నెమ్మది జేయబట్టే గిదంత."

మా ఆయన ఏమన్నాడు? చిన్న సుత్తిని దాగలి మీద పెట్టాడు.

నేను సమ్మెటను నేల మీదికి వదిలేశాను. ధడేలుమంది. నెత్తి మీది కొంగు జారితే సర్దుకోలేదు. గోడ వైపు తిరగలేదు. బావ కళ్లలోకి చూశాను.

"బావా, ఇటు సూడు" అన్నాను.

పదమూడేళ్లలో ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అది. బావ ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు, ఇంకెవరితోనో అన్నాననుకున్నాడు.

"నిన్నే. నా చెయ్యి నెమ్మదైందా? ఎందుకైంది? గీ మిషను ఎవలి కోసం తెచ్చిన్రు? దవాఖానకు పోయింది నువ్వా, నేనా? కత్తి సంచిల పెట్టి పంపిన, ముడి గూడ ఇప్పలేదు మీరు. ఇరుసు ముక్క పిసికితే సప్పట్లు కొట్టిన్రు. మనం ఇరుసులు అమ్ముతానమా? పలచటి ఇనుమును సల్లటి దవడల పెడితే సల్లారదా? పొయ్యి కాడ ఉండే ఆడదాన్ని ఎవలన్న అడిగితే జెప్పకపోదునా? ఏడాది సంది మీ ప్రెస్సు పారేసిన ముక్కలన్ని నేను కొట్టిన. ఇగ కొట్ట. నలుగురు ఆడోళ్ల బలమని జెప్పిండు గదా ఆయిన, ఆ నలుగురిని పిలుసుకోండ్రి."

కొట్టం బయట నిలబడ్డ దుకాణంవాళ్లు నోళ్లు తెరిచారు. బావ ముఖం కొలిమిలా అయింది. "జూస్తున్నవా తమ్మీ, నీ పెండ్లాం నా తోని మాట్లాడుతాంది" అన్నాడు తమ్ముడితో.

"మాట్లాడుతాంది" అన్నాడు మా ఆయన. అంతే అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనను సగం క్షమించాను.

బావ వంగి సమ్మెట ఎత్తుకున్నాడు. "గిదేమన్న బ్రహ్మవిద్యనా? నేను కొడుత, పట్టు" అన్నాడు. మా ఆయన ఎర్రటి ముక్క తెచ్చి దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో అంచు దగ్గర మెల్లగా తట్టాడు. బావ దాని పక్కన గట్టిగా దించాడు. మా ఆయన ఇంకోచోట తట్టాడు. బావ మొదటి చోటే మళ్లీ కొట్టాడు. ఆపమని సుత్తి దాగలి మీద టంగుమంది. బావ ఆపలేదు. సమ్మెట వచ్చి పట్టుకారు మీద పడింది. పట్టుకారు ఎగిరిపోయింది, ఎర్రటి ముక్క మా ఆయన కాళ్ల పక్కన పడింది.

"అన్నా! సంపుతవా ఏంది? సుత్తె జెప్తాంటె ఇనవా?"

"ఏం జెప్తాంది? టంగు టంగుమంటాంది!"

మంచం మీంచి అత్త, "పదమూడేండ్ల సంది ఎదురుంగనే గూసున్నవ్ గద కొడుకా. గా టంగు టంగుకు అర్థమేందో ఒక్కనాడన్న అడిగినవా?" అంది. బావ సమ్మెటను గోడకు ఆనించి బయటికి పోయాడు. ఆ జాతరకు మేము సగం కత్తులు కూడా ఇవ్వలేకపోయాం. మా కత్తి పగులుతుందని బజారులో మాట పడింది. ముప్పై ఏళ్లు అత్త చేతితో నిలబెట్టిన పేరు అది.

జాతర వెళ్లిన పది రోజులకు బావ గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గోడకు చెబుతాడనుకున్నాను. గొంతు సవరించుకుని నాకే చెప్పాడు: "కరీంనగర్ దిక్కు ఒక షెడ్ల హ్యామర్ నడుస్తాందట. నువ్వు గూడ వస్తవా... జూస్తందుకు?"

"వస్త. నా కత్తి నేనే పట్టుకొస్త" అన్నాను.

మూడు ముళ్లు వేసిన ఆ మూటనే ఒళ్లో పెట్టుకుని అన్నదమ్ములిద్దరితో బస్సెక్కాను. షెడ్డువాళ్లు నన్ను చూసి ఆయమ్మ ఎందుకు వచ్చిందని బావను అడిగారు. "ఆమెనే జూసేది" అన్నాడు బావ నేల చూపులతో. హ్యామర్ నా ఎత్తు కంటే ఎత్తు. పైన చూస్తే కమాన్ పట్టీల కట్ట! మేము కత్తులు చేసే పట్టీలే. వాటి బలంతోనే ఆ సమ్మెట ఎగిరి పడుతోంది. నాకు ఆ కోపంలో కూడా నవ్వొచ్చింది.

ముడి విప్పి కత్తి ఇచ్చాను. కాల్చి పెట్టారు. మా ఆయన కాలితో తొక్కాడు. ధన్ ధన్ ధన్ ధన్. ఇనుము అంచు దగ్గర నీళ్లలా పారింది, నల్ల పొర పొట్టులా రాలిపోయింది, ఎరుపు మాత్రం తగ్గలేదు. "జర కాలు మెల్లగ పెట్టు" అన్నాను. మెల్లగా పెడితే దెబ్బ మెల్లగా పడింది. "ఇంకా మెల్లగ." ఇంకా మెల్లగా పడింది, కోడిపెట్ట ముక్కుతో పొడిచినట్టు. కాలు తీస్తే ఆగిపోయింది. నేను ఆ చప్పుడు కళ్లు మూసుకుని విన్నాను. ఎర్రటి చప్పుడు, ఇంకా ఎర్రటి చప్పుడు, ఇక చాలు.

"ఇది ఇంటాంది. గిదే తెండ్రి" అన్నాను.

ప్రెస్సును గొడ్డళ్ల ముద్దలకు ఉంచుకున్నారు, దానికి అది పనికొచ్చింది. అది మంచి మిషను కాదని నేనెప్పుడూ అనలేదు. హ్యామర్ కింద నడుంలోతు గొయ్యి తవ్వి, ఇసుక పోసి, మొద్దులు పేర్చి బిగించారు. అయినా పక్కింటామె గూట్లో గిన్నెలు కిందపడుతున్నాయని నెల రోజులు నన్ను తిట్టింది. తిట్లు పడ్డాను గానీ సమ్మెట మళ్లీ పట్టుకోలేదు. ఏడాదిలో మా కత్తి పేరు మళ్లీ నిలబడింది.

భుజం నిలబడలేదు. మళ్లీ దవాఖానకు పోతే అదే డాక్టరు నా చెయ్యి పట్టుకుని పైకెత్తబోయి మధ్యలో ఆగిపోయాడు. "చెప్పిన గదమ్మా" అన్నాడు. ఆయన తప్పేముంది. చెప్పాడు. మొదటిసారే ఆ మూట విప్పి ఉంటే నా చెయ్యి ఈరోజు తల దాకా లేచేది. ఆ ఏడాది ఖరీదు నా కుడిచెయ్యి. అదే బావ కథలో లేని ఏడాది.

ఆ రోజు నుంచి బావతో ఎదురుగానే మాట్లాడుతున్నాను. ఆపలేదు. ముసలివాడయ్యాడు, నా చేతి కూడే తింటాడు, జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చేది నేనే. జాలి ఉంది. కోపమూ ఉంది. ఒకదాని కోసం ఇంకోదాన్ని తీసేయడం నాకు చేతకాదు.

మొన్న మా ఇంటికి పిడులు అమ్మే ఒకాయన కొత్తగా వచ్చాడు. బావ కథ ఎత్తుకున్నాడు. ఆ వచ్చినాయన, "రెండు మిషన్లల్ల ఏది మంచిదో మీకెట్ల ఎరుకైంది పెద్దయ్యా?" అని అడిగాడు. బావ, "మేం ఇద్దరం సోంచాయించి..." అన్నాడు.

నేను చాట పక్కన పెట్టి బయటికొచ్చాను. "బావా, ఆ ఏడాది సంగతి గూడ జెప్పు."

"ఆ ముచ్చట నువ్వే మస్తుసార్లు జెప్పినవ్ గద తల్లీ, కాదంటున్ననా?"

"కాదంటలేవు. అవునని గూడ అంటలేవు."

బావ వచ్చినాయనను, "చాయ్ తాగుతవా?" అని అడిగాడు.

అప్పుడే నా బిడ్డ దువ్వెన, నూనెగిన్నె తీసుకుని వచ్చింది. అత్తకు నేను దువ్వినట్టే ఇప్పుడు నాకు అది దువ్వుతుంది. రోజూ అయితే లోపల గదిలో కూచుంటాను. ఆరోజు అక్కడే, ఆ వచ్చినాయన ఎదురుగానే పీట వేయించుకుని కూచుని, కొప్పు విప్పమన్నాను. బిడ్డ నా తల దువ్వుతుంటే ఆయన నా చేతి వైపు, బావ వైపు మార్చి మార్చి చూశాడు. చూడనీ అనుకున్నాను. బావ చాయ్ గ్లాసులోకి చూస్తూ కూచున్నాడు.